తీగ లేని బరమాకు కొత్త మీట

1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోని సన్నని చెక్కడపు పని అంతయు చేతి బలముతో నడచిన పనిముట్లదే. నిన్న మొన్నటి వరకు వరంగల్లు వడ్రంగులు కూడ తాడు చుట్టి త్రిప్పే బరమాతోనే కొయ్యకు బెజ్జములు వేసేవారు. ఈనాడు ఆ పని పిస్తోలు ఆకారముగల చిన్న యంత్రము చేయుచున్నది. అదే బ్యాటరీతో నడిచే డ్రిల్లు.

జర్మనీలోని ఫైన్ సంస్థ 1895లో చేతితో పట్టుకొనదగిన విద్యుత్ డ్రిల్లును తయారుచేసినది. పిస్తోలు పిడి, వ్రేలితో నొక్కే మీట గల డ్రిల్లుకు 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ పేటెంటు పొందినది. అదే సంస్థ 1961లో తీగ లేని డ్రిల్లును వెలువరించినది.

ఇటువంటి డ్రిల్లు ఒకనాడు హఠాత్తుగా ఆగిపోవును. దానితో వడ్రంగికి ఆనాటి కూలి పోవును. “ఇది పనికిరాదు, కొత్తది కొనుము” అనే సలహా సులభముగా దొరకును. కాని లోపల మోటారు, పళ్ళచక్రములు చక్కగా ఉండి, వ్రేలి క్రింది మీట ఒక్కటే అరిగిపోయి ఉండుట తరచుగా జరుగును. అట్టి మీటను మార్చుట కష్టము కాదు. అయితే అది చేసే పని ముందుగా తెలియవలెను.

మీట చేసే నాలుగు పనులు

ఇంటి దీపపు మీట విద్యుత్తును కలుపును, విడదీయును. డ్రిల్లు మీట వీటికి తోడు వేగమును మార్చును, తిరిగే దిశను మార్చును, వదలగానే మోటారును ఆపును.

వేగము మార్చే తీరు గమనింపదగినది. డ్రిల్లు బ్యాటరీ 18 వోల్టులది అనుకొందము. మోటారుకు 9 వోల్టులు, 10 ఆంపియర్లు చాలును. మధ్యలో ఒక నిరోధమును పెట్టి మిగిలిన 9 వోల్టులను దానిలో పోగొట్టినచో, 9ని 10తో హెచ్చించగా 90 వాట్లు వేడిగా వ్యర్థమగును. పిడి పట్టుకొన్న చేయి కాలును. అందుచేత మీటలో ఒక ట్రాన్సిస్టరు ఉండును. అది సెకనుకు వేలసార్లు విద్యుత్తును కలిపి విడదీయును. సగము కాలము కలిపి, సగము కాలము విడదీసినచో మోటారుకు సగటున 9 వోల్టులే అందును. కలిపినప్పుడు ట్రాన్సిస్టరు నిరోధము ఓములో వెయ్యింట అయిదు వంతులనుకొన్నచో, అందులో పుట్టే వేడి అర వాటు మాత్రమే. వ్రేలు నొక్కిన కొలది కలిపి ఉంచే కాలము పెరుగును, వేగము హెచ్చును.

దిశను మార్చుటకు మోటారుకు పోయే ధన, ఋణ తీగలు తారుమారు కావలెను. మీట పైనున్న చిన్న అడ్డపుల్ల ఆ పని చేయును.

వ్రేలు తీసినప్పుడు మీట మోటారు రెండు కొసలను ఒకదానితో ఒకటి కలుపును. ఇంకను తిరుగుచున్న మోటారు ఆ క్షణములో జనరేటరుగా మారును. అందులో పుట్టిన విద్యుత్తు లెంజ్ సూత్రము ప్రకారము తన పుట్టుకకు కారణమైన చలనమునే అడ్డగించును. డ్రిల్లు వెంటనే ఆగును.

అరుగుటకు కారణము

స్పర్శ బిందువులు విడిపోయే ప్రతిసారి వాటి నడుమ నిప్పురవ్వ లేచును. ఇండ్లలోని ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరుసార్లు సున్న అగును కనుక ఆ రవ్వ త్వరగా ఆరును. బ్యాటరీ విద్యుత్తు ఎన్నడును సున్న కాదు. రవ్వ ఎక్కువసేపు నిలిచి లోహమును కాల్చును. దీనికి తోడు ఇటుక పొడి, రాతి పొడి లోపలికి దూరును.

లోపమును కనిపెట్టుట

మొదట బ్యాటరీని అదే రకపు వేరొక డ్రిల్లులో పెట్టి చూడవలెను. తరువాత మోటారు బొగ్గు బ్రష్షులు అరిగినవేమో పరీక్షించవలెను. ఈ రెండును బాగున్నచో మీటను అనుమానించవచ్చును. మీట కొద్దిగా నొక్కగానే పూర్తి వేగముతో తిరిగినచో ట్రాన్సిస్టరు లోపల అతుక్కుపోయినదన్నమాట. ఒక దిశలో తిరిగి రెండవ దిశలో తిరగనిచో అడ్డపుల్ల స్పర్శలు చెడినవి. వదలిన తరువాత కూడ చాలసేపు తిరుగుచున్నచో ఆపే స్పర్శ అరిగినది. బ్రష్షులు లేని మోటారు గల డ్రిల్లుల అమరిక వేరు. ఈ లక్షణములు వాటికి వర్తింపవు.

మార్చే పద్ధతి

అన్నిటికంటె ముందు బ్యాటరీని తీసి దూరముగా పెట్టవలెను. లిథియం బ్యాటరీ కొసలు పొరపాటున కలిసినచో తీగ ఎర్రగా కాగును, మంట లేవవచ్చును.

డ్రిల్లును బల్లపై పరుండబెట్టి మరలు విప్పి, పై చిప్పను మెల్లగా ఎత్తవలెను. ఏ తీగ ఎక్కడ ఉన్నదో ఫోటో తీసికొనవలెను, లేదా కాగితముపై గీసికొనవలెను. పాత మీటను, దానికి అంటియున్న ట్రాన్సిస్టరును, వేడిని చల్లార్చే లోహపు రేకును కలిపి బయటికి తీయవలెను. కొత్త మీటకు తీగలను అదే క్రమములో బిగించవలెను. అవసరమైనచోట టంకము పెట్టవలెను. అడ్డపుల్ల కొన తన గాడిలో కూర్చున్నదని, ఏ తీగయు చిప్పల నడుమ నలగలేదని చూచిన పిదపనే మూయవలెను. చివరకు బ్యాటరీ పెట్టి, మొదట మెల్లగా, పిదప వేగముగా, తరువాత వెనుకకు త్రిప్పి, వదలగానే ఆగుచున్నదో లేదో చూడవలెను.

కొత్త మీట ఆ నమూనాకు సంబంధించినదై, అంతే వోల్టులకు, అంతే ఆంపియర్లకు తగినదై ఉండవలెను. ఇంటి విద్యుత్తుతో నడిచే డ్రిల్లు మీట చూడ్డానికి అటువంటిదే కావచ్చును, కాని దానిని పెట్టరాదు. వేగము మార్చుటకు దానిలో ట్రయాక్ అనే పరికరము ఉండును. ఒకసారి తెరచుకొన్న ట్రయాక్ విద్యుత్తు సున్న అయినప్పుడే మూసుకొనును. బ్యాటరీ విద్యుత్తు సున్న కాదు కనుక వేగము అదుపులో ఉండదు. కొయ్యలో తిరుగుచున్న బరమా అదుపు తప్పుటయనగా మణికట్టుకు ప్రమాదమే.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో విద్యుత్ పనిముట్లు కూడ చేరినవి. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టలును ప్రారంభించినది. అరిగిన ఒక్క మీట కొరకు మోటారులోని రాగి, అయస్కాంతములు, పళ్ళచక్రములు అన్నియు పారవేయుట ఇంటి తలుపు గొళ్ళెము విరిగినదని ఇల్లు విడుచుట వంటిది.

తీసివేసిన పాత మీటను కూడ వెంటనే పారవేయనక్కరలేదు. దానిని విప్పి నల్లబడిన స్పర్శ బిందువులను తరగతిలో చూపినచో, లెంజ్ సూత్రము, సగటు వోల్టేజి, నిప్పురవ్వ అనే మూడు పాఠములు ఒక అంగుష్ఠమాత్రపు వస్తువులో విద్యార్థులకు కనిపించును.