ఎత్తు పెంచిన ఫోర్‌వీల్ డ్రైవ్‌కు గాలితిత్తుల ఊతం

రాళ్ల దారుల్లో అడుగు భాగం నేలకు తగలకుండా ఉండేందుకు ఆస్ట్రేలియాలో ఫోర్‌వీల్ డ్రైవ్ యజమానులు చాలామంది పొడవైన స్ప్రింగులు వేయించి, వాహనం ఎత్తును సుమారు 50 మిల్లీమీటర్లు పెంచుకుంటారు. అయినా నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, అదనపు డీజిల్ ఎక్కించి వెనుక కారవాన్ తగిలించేసరికి వెనుక భాగం కుంగి, ముందు చక్రాల మీద భారం తగ్గడం వల్ల స్టీరింగ్ పట్టు సడలుతుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటి డ్రైవర్ల కళ్లలో పడుతుంది. ఈ కుంగుబాటును సరిచేయడానికి, ఉన్న స్ప్రింగులను తీయకుండా వాటికి తోడుగా అమర్చే గాలితిత్తులే ఎయిర్ హెల్పర్ స్ప్రింగులు. తిత్తి ఇచ్చే బలం అందులోని గాలి పీడనాన్ని బట్టి మారుతుంది కనుక బరువు ఎక్కినప్పుడు గాలి నింపి, దిగాక తగ్గించుకోవచ్చు. ఇనుప స్ప్రింగుకు ఈ వెసులుబాటు లేదు.

ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్ వంటి కాయిల్ స్ప్రింగు వాహనాల్లో తిత్తిని చుట్ట లోపలే దూరుస్తారు. ఎత్తు పెంచిన వాహనంలో చుట్ట పొడవుగా ఉంటుంది కనుక మామూలు తిత్తి రెండు కొసలకూ ఆనదు. పొడవైన తిత్తినో, ఖాళీని పూరించే దిమ్మెనో వాడవలసి వస్తుంది. ఈ కోవకు చెందిన ఎయిర్ లిఫ్ట్ 1000 రకంలో పీడనం 35 పీఎస్‌ఐ దాటకూడదు, ఖాళీ బండిలోనూ 5 పీఎస్‌ఐకి తగ్గకూడదు. అంతకన్నా తగ్గితే తిత్తి మడతపడి చుట్టల మధ్య నలిగిపోతుంది.

అసలు చిక్కు హైలక్స్ వంటి పికప్‌లలో ఉంది. వీటి వెనుక భాగాన్ని మోసేవి లీఫ్ స్ప్రింగులు, అంటే లారీ మెకానిక్కులు కమాను కట్టలనేవి. కమాను కట్ట తన రెండు కొసల దగ్గర ఛాసిస్‌ను పట్టుకుని బరువును రెండు చోట్లకు పంచుతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ నిలబెట్టిన గాలితిత్తి మాత్రం ఆ బరువులో అధిక భాగాన్ని ఇరుసుకు సరిగ్గా పైన ఉన్న ఒకే చోట మోపుతుంది. ఇరుసుకు వెనుకగా వేలాడే సామానూ, కారవాన్ కొక్కెం మీది భారమూ కిందికి లాగుతుంటే, గతుకుల్లో పడిన ప్రతి దెబ్బకూ ఛాసిస్, మోకాలికి ఆనించి విరిచే కర్రలా, ఆ చోటే వంగుతుంది. ఆస్ట్రేలియా లోపలి మట్టిదారుల్లో డబుల్ క్యాబ్ పికప్‌ల ఛాసిస్‌లు వంగిపోవడానికి అధిక బరువుతో పాటు ఈ అమరిక కూడా ఒక కారణమని తెలిసినదే.

ఎత్తు పెంచడం దీనికి మరో ప్రమాదాన్ని జోడిస్తుంది: ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం పెరగడంతో తిత్తి మొదటే సాగి ఉండి, ఒక చక్రం గోతిలోకి జారినప్పుడు ఇంకా సాగలేక చిరుగుతుంది. అందువల్ల పెరిగిన ఎత్తుకు తగిన దిమ్మె వేసి, ఇరుసు కిందికి పూర్తిగా వేలాడినప్పుడు తిత్తి పొడవును కొలిచి చూడడం తప్పనిసరి. రెండు తిత్తులకూ వేర్వేరు గాలి గొట్టాలు ఉండాలి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో గాలి ఒక పక్క నుంచి మరో పక్కకు పారి బండి మరింత ఒరుగుతుంది.

బ్రేకుల సంగతి చాలామంది గమనించరు. కొన్ని పికప్‌లలో ఇరుసుకు తగిలించిన కడ్డీ, వెనుక భాగం ఎంత కుంగిందో చూసి వెనుక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని నిర్ణయిస్తుంది. గాలితిత్తి ఆ కుంగుబాటును దాచేస్తే నిండు బరువుతో ఉన్న బండిని ఖాళీదిగా భావించి వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడిని పంపుతుంది. కనుక ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ కడ్డీని సరిచేయించాలి.

తిత్తులు వేయించినంత మాత్రాన తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. వాటిని కొనేముందు సామానుతో సహా బండిని వేబ్రిడ్జి ఎక్కించి తూయించాలి.