సంజాయిషీ అడగని ఊళ్ళో

ఉద్యోగస్థుల ఇళ్ళలో పెరిగిన మనకి మెమో, సంజాయిషీ, చార్జిషీటు అనే మాటలు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. సర్కారు ఆఫీసులో గుమాస్తాను పీకాలన్నా సాధారణంగా ముందు అభియోగం కాగితం మీద పెట్టాలి, జవాబు చెప్పుకోనివ్వాలి. రాజ్యాంగం 311వ అధికరణంలో ఆ భరోసా ఉంది. ఆ అలవాటుతోనే కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కుని, రోజూ జార్జియా 400 మీద ఆల్ఫరెటాకో అట్లాంటాకో వెళ్ళివచ్చే మనవాళ్ళు కొందరు "నోటీసివ్వకుండా ఎలా తీసేస్తారండీ?" అంటారు.

తీసేస్తారు. కాలపరిమితి రాసుకోని ఉద్యోగాన్ని జార్జియా చట్టం ప్రకారం ఎవరైనా, ఎప్పుడైనా తెంచుకోవచ్చు. దీన్ని 'ఎట్ విల్' అంటారు. చాలామంది దీన్నే 'రైట్ టు వర్క్' అనుకుంటారు గానీ అది వేరు. యూనియన్‌లో చేరమనీ చందా కట్టమనీ బలవంతం చేయకూడదన్నదే దాని సారం. పేరు చూసి పనికి హక్కుందనుకుంటే మన ఖర్మ!

తమాషా ఏమిటంటే, ఒకే ఇంట్లో రెండు న్యాయాలుండొచ్చు. భార్య ఫోర్సైత్ కౌంటీ బడిలో టీచరు, భర్త ప్రైవేటు కంపెనీలో ప్రోగ్రామరు అనుకోండి. కాంట్రాక్టు నడుస్తుండగా ఆవిణ్ణి తొలగించాలంటే విచారణకు కనీసం 10 రోజుల ముందు కారణాలు, సాక్షుల పేర్లు, సాక్ష్యాల సారాంశం రాసివ్వాలి. ఆయనకేమో పొద్దున్నే కేలండర్లో ఓ పావుగంట మీటింగు కనిపిస్తుంది. వెళ్తే మేనేజరు పక్కన హెచ్ఆర్ మనిషి కూర్చుని ఉంటుంది.

తోడు ఎవరినైనా తెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు ఒక కోడి ముక్కల పెట్టె నుంచి వచ్చింది. హ్యూస్టన్‌లో వైన్‌గార్టెన్ దుకాణాల్లో పనిచేసే లూరా కాలిన్స్, 2.98 డాలర్ల చికెన్‌కి ఒక్క డాలరే కట్టిందని 1972లో నిలదీశారు. చిన్న పెట్టెలు అయిపోతే పెద్ద పెట్టెలో నాలుగు ముక్కలే పెట్టుకున్నానందామె. అది నిజమేనని తేలింది. యూనియన్ ప్రతినిధిని పిలవమని ఎన్నిసార్లడిగినా పిలవలేదు. శిక్షకు దారితీస్తుందనిపించే విచారణలో ప్రతినిధిని కోరే హక్కుందని 1975లో సుప్రీం కోర్టు తేల్చింది. యూనియన్ లేనివారికీ ఈ హక్కుందని 2000లో కార్మిక సంబంధాల బోర్డు అన్నది, 2004లో లేదన్నది. మన ఐటీ కంపెనీల్లో యూనియన్లెక్కడివి?

అయితే కారణం చెప్పకుండా తీసేయొచ్చు గానీ, చట్టం నిషేధించిన కారణంతో తీయకూడదు. జాతి, మతం, పుట్టిన దేశం, ఆడా మగా, 40 దాటిన వయసు వంటివి కారణమనిపిస్తే ఫెడరల్ సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చేయాలి. జార్జియాలో గడువు 180 రోజులు.

ఇక ఆ గదిలో మీరు చేయగలిగింది తక్కువే, కానీ విలువైనది. ఏ ఫిర్యాదు, ఏ తేదీ అని అడగండి. వెంటనే సంతకం పెట్టమంటే ఇంటికి తీసుకెళ్ళి చదువుతాననండి. 40 దాటినవారు పరిహారం తీసుకుని వయోవివక్ష దావా హక్కు వదులుకునే పత్రమైతే ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తోంది. బయటికి రాగానే జరిగింది రాసుకోండి.

మర్యాద దక్కుతుందని అక్కడికక్కడే రాజీనామా రాసేయకండి. నిరుద్యోగ భృతి చిక్కుల్లో పడుతుంది. హెచ్‌-1బి వారికి ఇంకో సంగతి. ఉద్యోగం ముగిశాక 2017 నుంచి 60 రోజుల వరకే వెసులుబాటు, ఐ-94 గడువు ముందే తీరితే అంతవరకే. అందుకే మీ ఆఖరి తేదీ ఏదో రాతపూర్వకంగా అడగండి. వీసా గడువుకు ముందే కంపెనీ తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణపు సబబైన ఖర్చు దానిదే. మీ అంతట మీరే రాజీనామా చేస్తే ఆ టిక్కెట్టూ మీదే.