పుండు మానుట: కడుపు క్యాన్సరు తొలి జాడలు

గిద్దలూరు ప్రాంతపు పాఠకుడొకరు ఇట్లు వ్రాసిరి: "మా ఊళ్లో కడుపులో మంట లేనివారు అరుదు. గ్యాసు బిళ్ల వేసుకుంటే తగ్గిపోతుంది. ఇన్ని మంటల్లో క్యాన్సరు మంట ఏదో తెలుసుకునేదెట్లా?" ఈ ప్రశ్నకు నాలుగు మాటలతో బదులిచ్చి ఊరకుండుట నా వలన కాదు, ఏలయన బిళ్లతో తగ్గుట యను ఆ చిన్న సంగతిలోనే ఈ వ్యాధి యొక్క మిక్కిలి విచిత్రమైన నడక దాగియున్నది.

మూలవిషయములను త్వరగా దాటుదము. అన్నకోశపు క్యాన్సరునకు ముఖ్యకారణము హెలికోబాక్టర్ పైలొరి యను సూక్ష్మజీవి. 1982లో పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు దీనిని పెంచి చూపిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించెను. మార్కాపురము, కనిగిరి వైపు బోరునీటి ఫ్లోరైడును పలువురు శంకింతురు గాని, అది ఎముకలను, దంతములను చెరచుననుటకున్న ఆధారము క్యాన్సరు విషయమున లేదు. అయితే ఫ్లోరైడు కడుపునొప్పిని, వికారమును కలిగింపగలదు. ఆ సామాన్యబాధల నడుమ అసలు శత్రువు కలిసిపోవుటయే ఈ ప్రాంతమునకు వచ్చిన చిక్కు.

ఇక నడక సంగతి. క్యాన్సరు మొదట అన్నకోశపు లోపలి పలుచని పొరలో పుట్టును. ఆరోగ్యముగల పొర తనపై జిగురు కప్పుకొని ఆమ్లమునుండి తన్ను తాను రక్షించుకొనును. క్యాన్సరు కణజాలమునకు ఆ రక్షణ చాలదు. కావున మనము తిన్న మాంసమును అరిగించు ఆమ్లమే క్యాన్సరు తునకను గూడ అరిగించివేయును. అచట పుండు పడును, మంట పుట్టును. పుండు అడుగున క్యాన్సరు హరించినను అంచులయందు మిగిలియుండును. పిదప ఆ గుంటలో క్రొత్త పొర మొలచి పుండు మానును. రోగి స్వస్థత చేకూరినదని సంతసించును. కాని అంచులనుండి క్యాన్సరు ఆ లేతపొరలోనికి మెల్లగా ప్రాకును, ఆమ్లము దానిని మరల తినును, మరల పుండు. తొలిదశ క్యాన్సర్లు కొన్నిటిలో ఏండ్ల తరబడి సాగగల ఈ చక్రమును వివరించిన కీర్తి జపాను శస్త్రవైద్యుడు మురకామి తదషిగెది. వేసవిలో గుండ్లకమ్మ యేరు పైకి ఎండియుండగా, ఇసుకలో చెలమ తీసినవానికి నీరూరునట్లు, మానిన పుండు అంచున వెదకినవానికే క్యాన్సరు దొరకును.

దీనిని ఎందరు తారుమారుగా గ్రహించిరో చూడుడు! జర్మను పండితుడు హౌసర్ పందొమ్మిదవ శతాబ్దిలో దీర్ఘకాలపు పుండే క్యాన్సరుగా మారునని వాదింపగా, తరతరముల వైద్యులు దానినే పాఠముగా చదివిరి. 1950లో కడుపులోపలి ఫొటోలు తీయు గాస్ట్రోకెమెరాను నిర్మించి, 1962లో తొలిదశ క్యాన్సరునకు నిర్వచనము కుదుర్చుకొన్న జపానీయులు, కోసితీసిన అన్నకోశములను సన్నని పలకలుగా తరిగి ఓపికతో పరిశీలించి, పెక్కింట క్యాన్సరే ముందనియు, పుండు తరువాతిదనియు చూపిరి. రెండవ పొరపాటు నేటికిని చావలేదు: మందుతో మానిన పుండు నిరపాయకరమను నమ్మకము. ఆమ్లమును అణచు నేటి బిళ్లలు క్యాన్సరు పుండును సైతము తాత్కాలికముగా మాన్పగలవు.

నాలుగు ముద్దలకే కడుపు నిండుట, కారణము లేక బరువు తగ్గుట, నిన్న తిన్నది నేడు వాంతియగుట, తారువలె నల్లని విరేచనము, పాలిపోవుట, ఎడమ మెడయెముక పైన గడ్డ: పుస్తకములు చెప్పు ఈ గుర్తులలో చివరిది వ్యాధి పాకిన పిదపనే కనబడును, తక్కినవి తరచుగా ఆలస్యముగనే వచ్చును. (ఇనుపబిళ్లలు మ్రింగువారికి విరేచనము నల్లబడుట వేరు సంగతి.) తొలి జాడ మరింత దీనమైనది: నలుబది దాటిన పిమ్మట క్రొత్తగా మొదలై, తగ్గి, మరల వచ్చు అజీర్తి. దానికి తగినది మరియొక బిళ్ల కాదు, ఎండోస్కోపీ.

మన దేశపు జాతీయ పరీక్షల పథకము నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారముల క్యాన్సర్లకే పరిమితము. కొరియాలో నలుబది దాటినవారికి రెండేండ్లకొకసారి కడుపు పరీక్ష జరుగుచుండగా, మన గిద్దలూరువాడు ఆ పరీక్షకై గుంటూరు రైలెక్కవలెనా లేదా యని తానే తేల్చుకొనవలసివచ్చుచున్నది. ఎక్కినవాడు వైద్యుని ఒక్కటి అడుగవలెను: పుండు అంచు చుట్టును పరీక్షకై ఎన్ని ముక్కలు తీసితిరి? ఒక్క ముక్కతో క్యాన్సరు పట్టుబడునది సుమారు 70 శాతము, ఏడింటితో 98.