4615వ గడి

ఇథియోపియా బడిపిల్లలు దిద్దే మొదటి అక్షరం ‘హ’. పైకి తెరుచుకున్న గిన్నెలా ఉంటుంది. మన గుణింతం వంటిది వారికీ ఉంది; హల్లుకు ఏడేసి రూపాలు. అమ్హారిక్, టిగ్రిన్యా భాషలను ఈ లిపిలోనే రాస్తారు.

కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. అందుకే యూనికోడ్ అనే పట్టిక ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తుంది. మన ‘హు’కు రెండు సంఖ్యలు కావాలి: హ 3129, కొమ్ము 3137. ఇథియోపియా ‘హు’కు ఒక్కటే, 4609. అక్కడ కొమ్ము వేరే గుర్తు కాదు, అక్షరంలోనే కలిసిపోతుంది.

1999లో ఈ లిపిని చేర్చినప్పుడు వరుసకు ఎనిమిది గడుల చొప్పున వేశారు. హ 4608, ల 4616. రూపాలు ఏడైతే గడులు ఎనిమిదెందుకు? ఎనిమిది అంటే రెండు ఘనం. ద్విసంఖ్యామానంలో చివరి మూడు స్థానాలు చూస్తే అచ్చు ఏదో తెలిసిపోతుంది. మీరూ చేసి చూడండి: 4617ను 8 చేత భాగిస్తే భాగఫలం 577, అది ‘ల’ వరుస, శేషం 1, అది ఉకారం. కాబట్టి ‘లు’!

చాలా హల్లులకు ఎనిమిదో రూపమూ ఉంది. లకు ‘ల్వ’ ఉన్నట్లు. హ వరుసలో మాత్రం 4615 ఖాళీగా మిగిలింది. ‘హోఆ’ అనే అక్షరాన్ని కాగితం మీద రాయవచ్చు గాని, సంఖ్య లేనందున ఏ కంప్యూటరైనా గుర్తుపట్టేలా పంపే వీలు లేదు. 2005లో దానిని ఆ గడిలోనే కూర్చోబెట్టారు. యూనికోడ్‌లో ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చరు. ఆ గడి నిండి ఉంటే ‘హోఆ’ తన వరుసకు దూరంగా ఎక్కడో పడేది. ఇప్పుడు 4615ను భాగించండి. శేషం 7.