పిడికెడు బియ్యము – దోర్నకల్ దేవాలయము

మా కోదాడ ప్రాంతమున ఏదేని పల్లెలోని చిన్న చర్చిని చూపి, “దీనిని కట్టించిన వారెవరు?” అని యడిగినచో, “దొరలు కట్టించినారు” అను మాటయే తఱచుగా వినవచ్చును. నేనును చిరకాలము అట్లే తలంచితిని. ఖమ్మము మీదుగా దోర్నకల్లునకు పోయి, అచ్చటి దేవాలయమును చూచి, దాని చరిత్ర తెలిసికొనిన పిమ్మట నా తలంపు మారినది. ఆ సంగతియే మీకు మనవి చేసెదను.

1903వ సంవత్సరమున తిరునల్వేలి క్రైస్తవులు ఒక ప్రచారసంఘమును స్థాపించుకొనిరి. పరదేశ ధనము నాశింపక తమ సొమ్ముతో, తమ మనుష్యులతోనే పని జరుపవలెనని వారి నియమము. వారెన్నుకొనిన చోటు అప్పటి నైజాము రాజ్యములోని దోర్నకల్. నేడది మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఆ సంఘస్థాపకులలో నొకరగు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో స్వయముగా నచ్చటికి వచ్చిరి. వారి మాతృభాష తమిళము. మనకొఱకు తెలుగు నేర్చిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయులు వారే.

వారి సంఘములో చేరినవారిలో పెక్కుమంది మాలమాదిగ వాడలలోని కూలీలు. పెక్కు పల్లెలలో మొదట వెలసినది రాతిగుడి కాదు, పాక. ఆరు దినములు అదియే బడి, ఆదివారము అదియే గుడి. దానిని నిలుపుటకు ధనమెక్కడిది? ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయును. ఆ బియ్యమును గుడికి సమర్పించును. ఈ పద్ధతి దోర్నకల్ మండలమున ప్రసిద్ధికెక్కినది. కడుపునిండ తిండిలేని వారి నడుగుట న్యాయమా యని కొందఱికి తోపవచ్చును. కాని యెల్లకాలము ఒకరి యెదుట చేయి చాచినవాడు, తానును ఇచ్చువాడైన దినమున తల యెత్తి నిలుచును గదా! అజరయ్యగారు దానధర్మమును గూర్చి యింతగా బోధించుటలోని మర్మమిదియే యని నా యభిప్రాయము.

దోర్నకల్లులోని పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ అది. ఆలయమునకును ఆ పండుగ పేరే పెట్టిరి. ముందు నిలిచి చూచినచో మసీదులకు వలె గుమ్మటములును మినారులును కనిపించును. లోపలి స్తంభములు మన గుడిమండపమును తలపించును. క్రొత్త మతమును స్వీకరించినవాడు తన దేశమును విడువనక్కఱలేదని ఆ కట్టడమే చెప్పుచున్నది.

అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులోనే కన్నుమూసిరి. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా దోర్నకల్ మండలమును అందు చేరినది.

పెద్దలారా! మీ యూరిలోని చిన్న గుడి యేమతమువారిదైనను, దాని చరిత్ర శిలాఫలకముపై పూర్తిగా నుండదు. ఫలకముపై దాతల పేర్లుండును. పిడికెడు బియ్యము తీసిన తల్లుల పేర్లుండవు. బాప్తిస్మపు పుస్తకములు చెదలపాలు కాకమునుపే, ముసలివారి మాట మూగవోకమునుపే, వానిని వ్రాసియుంచుడు. అక్షరము తెలిసిన మనము గాక ఆ పని యెవరు చేయుదురు?