పొలం పని చేసేవాళ్లకి మళ్లీ వ్యాయామం ఎందుకండీ?

“పొద్దుగూకేదాకా ఒళ్లు వంచి పని చేస్తున్నాం, మళ్లీ ఎక్సర్‌సైజులు కూడానా?” అని నన్ను చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే వీడియోతో పాటు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన సేద్యంలో ఖర్చు తక్కువ, ఒంటి పని ఎక్కువ. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలపాలి, రోజుకి రెండు పూటలా తిప్పాలి, వడకట్టాలి, మోయాలి. 16 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్ల బరువే 16 కిలోలు, అదీ వీపు మీద. గడ్డిమందు కొట్టం కాబట్టి కోనో వీడర్ తొయ్యాలి, వంగి కలుపు తియ్యాలి, ఆచ్ఛాదనకి గడ్డి మొయ్యాలి. అంటే మన అసలు పెట్టుబడి మన ఒళ్లే.

మా బంధువు ఒకాయన ఐదేళ్లు కష్టపడి రెండెకరాలు ప్రకృతి సేద్యంలోకి తెచ్చారు. యాభై దాటాక నడుం పట్టేసింది, మోకాళ్లు వాచాయి. కూలీలు దొరక్క చేను కౌలుకిచ్చారు. కౌలుకి తీసుకున్నతను యూరియా వేశాడు, గడ్డిమందు కొట్టాడు. అతన్నీ తప్పు పట్టలేం, ఏడాదిలో కౌలు డబ్బు రావాలి కదా. భూమి బాగానే ఉంది. మనిషి ఒళ్లే సహకరించలేదు.

మరి రోజూ చేసే పని వ్యాయామం కాదా? పూర్తిగా కాదండీ. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ ప్రాంతంలో 1,04,046 మందిని సుమారు పదేళ్లు గమనించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఖాళీ సమయంలో వ్యాయామం చేసేవాళ్లకి గుండె జబ్బుల ముప్పు తక్కువగా కనిపించింది. బరువు పనుల్లో ఉన్నవాళ్లకి ఆ లాభం కనపడకపోగా ముప్పు ఎక్కువే ఉంది. అది మన రైతుల మీద చేసింది కాదు. అయినా ఆలోచించాల్సిన విషయమే.

పొలం పనిలో ఒకే కండ, ఒకే భంగిమ, గంటల తరబడి. విశ్రాంతి మన చేతిలో ఉండదు. ఏటా ఒకే పంట వేసిన చేనులా ఒకచోట అరిగిపోతుంది, ఇంకోచోట పని లేక బలహీనపడుతుంది. వ్యాయామం పంట మార్పిడి లాంటిది. వంగినవాడు వెనక్కి సాగుతాడు, పని లేని కండకి పని దొరుకుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది. కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే.

ముప్పై దాటాక పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. నలభైల్లో మొదలుపెడితే అరవైల్లో పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే: వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం. మొదటిది మనకి పొలంలోనే చాలావరకు అయిపోతుంది. లోటంతా రెండోదానిలోనే.

మా ఇంట్లో వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు చేసేవి ఇవి:

- చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 10 సార్లు
- గోడకి చేతులు ఆనించి దండీలు, 10
- వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం పైకి లేపడం, 10
- బోర్లా పడుకుని ఛాతీ మెల్లగా లేపడం, 8
- ఒంటికాలి మీద 20 సెకన్లు నిలబడటం. గట్ల మీద నడిచేవాళ్లకి ఇది చాలా అవసరం

తేలికగా ఉంటే రెండో విడత చెయ్యండి. నాట్లు, కోతల రోజుల్లో మానేయండి, ఒంటికి విశ్రాంతి కావాలి. భోజనంలో పప్పు, పెసలు, గుడ్డు, పెరుగు తగ్గనివ్వకండి. బీపీ, షుగర్, ఛాతీలో నొప్పి, మోకాలి వాపు ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

మట్టి పరీక్ష చేయిస్తాం కదా, ఒంటికీ ఒకటుంది. చేతులు ఛాతీ మీద పెట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. 60-64 ఏళ్ల మగవాళ్లకి 14, ఆడవాళ్లకి 12 కన్నా తక్కువైతే బలం సగటు కన్నా తగ్గినట్టు. నలభైల్లో ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువే చెయ్యాలి. ఈ రోజు లెక్క పొలం పుస్తకంలో, విత్తిన తేదీ పక్కనే రాసుకోండి. పంట కోసేనాటికి మళ్లీ లెక్కపెట్టండి.