పాస్‌పోర్టు అడగని క్లినిక్

ఇంటర్‌లో అమ్మాయిలకో క్యాంపస్, అబ్బాయిలకో క్యాంపస్. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇంటిదగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేసే లెక్చరర్. ఆపైన ఇంజినీరింగ్, బ్రిటన్ వీసా. ఇరవై రెండేళ్లకు ఈస్ట్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో దిగే మన పిల్లలకు తమ ఒంటి గురించి తెలిసిందంతా వాట్సాప్ చెప్పింది, సీనియర్ చెప్పింది. చైనా పిల్లలదీ ఇంచుమించు ఇదే దారి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గావోకావో గట్టెక్కేదాకా ప్రేమ ఊసెత్తనివ్వరు, పట్టా చేతికి రాగానే పెళ్లెప్పుడంటారు. 2023-24లో బ్రిటన్ యూనివర్సిటీల్లో చైనా విద్యార్థుల కన్నా భారతీయులే ఎక్కువ.

తెలియకపోవడం ఒక సంగతి, అడగడానికి భయం ఇంకో సంగతి. ‘క్లినిక్‌కి వెళితే వీసా పోతుందట’, ‘కాలేజీకి ఉత్తరం రాస్తారట’ లాంటి పుకార్లు అద్దె ఇళ్లలో తిరుగుతుంటాయి. రెండూ అబద్ధాలే. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నడిపే లైంగిక ఆరోగ్య క్లినిక్‌లో సుఖవ్యాధుల పరీక్ష, చికిత్స ఎవరికైనా ఉచితం, వీసా ఏదైనా సరే. 2012 నుంచి హెచ్‌ఐవీ మందులూ అంతే. అసలు పేరు చెప్పాలనీ లేదు.

ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. 1913లో వేసిన రాయల్ కమిషన్ సిఫార్సుతో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే 1916లో రహస్య, ఉచిత చికిత్సకు నిబంధనలు తెచ్చారు. పరువు పోతుందంటే రోగి రాడు, రోగి రాకపోతే రోగం ఆగదు. పత్రికల్లో లైంగిక సందేహాలకు జవాబులిచ్చిన మన విజయవాడ డాక్టర్ సమరం గారికి అన్ని ఉత్తరాలు వచ్చిందీ పేరు బయటపడదన్న ధైర్యంతోనే. ఈ పిల్లల తల్లిదండ్రులు ఆ పేజీలు దాచుకుని చదివినవాళ్లే, ఇప్పుడు ఒప్పుకోరు గానీ!

క్లినిక్ మెట్లెక్కలేనివాళ్లకు చాలా ప్రాంతాల్లో పరీక్ష కిట్ పోస్టులో వస్తుంది. పైన ఏమీ రాసి ఉండని పెట్టె. లోపల వేలికి పొడుచుకునే సూదులు, చిటికెన వేలంత గొట్టం. చేతిని గోరువెచ్చని నీళ్లలో ఉంచి, నిలబడి, కిందికి వేలాడదీసి, వేలిని నొక్కుతూ ఒక్కో చుక్కా గీత దాకా నింపాలి. ఓపిక లేక సగంలో వదిలేస్తే ల్యాబ్‌లో పరీక్ష కుదరదు. తిరుగు పోస్టు ఖర్చు వాళ్లదే, ఫలితం ఫోన్‌కు మెసేజ్.

అయితే ఇంత సదుపాయాన్నీ తెలియనితనం వమ్ము చేస్తుంది. ఆదివారం కలిసి, సోమవారం హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుని ‘నెగెటివ్’ అని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు. ల్యాబ్ పరీక్షను పూర్తిగా నమ్మాలంటే 45 రోజులు ఆగాలి. నిజంగా అనుమానం ఉంటే పరీక్ష కన్నా ముందు కావాల్సింది హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే పెప్ మందు. అది 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. క్లినిక్ మూసి ఉంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఇస్తారు.

అమ్మాయిలు ఐ-పిల్‌ను హైదరాబాద్ నుంచి మోసుకురానక్కర్లేదు. అత్యవసర గర్భనిరోధక మాత్రను 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండ్ ఫార్మసీల్లో ఉచితంగా ఇస్తున్నారు.

ఇక అబ్బాయిలు నేర్చుకోవాల్సిన అసలు పాఠం సమ్మతి. మన సినిమా హీరో వెంటపడి, విసిగించి అవుననిపించుకుంటే ఈలలు వేస్తారు. అదే పని ఇక్కడ చేస్తే పోలీసులు వస్తారు. 2003 నాటి లైంగిక నేరాల చట్టం ప్రకారం సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఆలోచించే స్థితిలో ఒప్పుకోవడం. మత్తులో సోయి లేని మనిషి ‘సరే’ అన్నా అది లెక్కలోకి రాదు. లైంగిక వేధింపులపై విద్యార్థులకు అవగాహన కల్పించడం 2025 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ యూనివర్సిటీల బాధ్యత.

బతుకమ్మకు హాళ్లు నింపే తెలుగు సంఘాలు కొత్తగా వచ్చిన విద్యార్థులకు బ్యాంకు ఖాతా, పార్ట్‌టైం పని గురించి చెబుతూనే ఉంటాయి. ఆ సభకే దగ్గర్లోని క్లినిక్ నర్సును ఓ అరగంట పిలవచ్చు. పెద్దలకు ఇబ్బంది అనిపిస్తే, ఆ అరగంట వాళ్లను భోజనాల హాల్లో కూర్చోబెడితే సరి.